వృద్ధుల ఆరోగ్యంలో పేద–ధనిక తేడా: కొలత మారితే లెక్క తారుమారు

వరంగల్ కొత్తవాడలో మగ్గం మానేసిన డెబ్బై ఏళ్ల నేతకారుణ్ని ఏ తరగతిలో వేయాలి? వయసు మళ్లినవారి ఆరోగ్య లెక్కలు ముందుగా తడబడింది ఇక్కడే. 1980లో బ్రిటన్‌లో వెలువడ్డ బ్లాక్ నివేదిక చావుల్లో తేడాలను వృత్తిని బట్టి చూపింది. పనిచేసే వయసువాళ్లకు ఆ పద్ధతి నడుస్తుంది. పని మానేసినవాళ్లకు, బతుకంతా బీడీలు చుట్టినా ‘ఇంటిపని’ అనే నమోదయ్యే ఆడవాళ్లకు నడవదు.

1991లో ఆర్థికవేత్తలు వాగ్‌స్టాఫ్, పాచీ, వాన్ డోర్స్‌లేయర్ ముందుకు తెచ్చిన కాన్సెంట్రేషన్ ఇండెక్స్ అందరినీ పేద నుంచి ధనిక దాకా ఒకే వరుసలో నిలబెడుతుంది. ఐదుగురే ఉన్నారనుకుందాం. అందరికన్నా పేదవాడి నుంచి మొదలుపెడితే వాళ్ల స్థానాలు 0.1, 0.3, 0.5, 0.7, 0.9. జబ్బున్నవాళ్ల స్థానాల సగటును రెట్టింపు చేసి 1 తీసేస్తే సూచీ వస్తుంది. మైనస్ వస్తే జబ్బు పేదల వైపు, ప్లస్ వస్తే ధనికుల వైపు పోగుపడినట్టు.

పట్టీ కట్టి కొలిస్తే మొదటి, రెండో, నాలుగో మనిషికి బీపీ తేలిందనుకోండి. సూచీ మైనస్ 0.27. అదే ఐదుగురిని ‘బీపీ ఉందని డాక్టర్ చెప్పారా?’ అని అడిగితే, ఎప్పుడో పరీక్ష చేయించుకున్న నాలుగో మనిషి ఒక్కడే అవునంటాడు. సూచీ ప్లస్ 0.4! మనుషులు వాళ్లే, జబ్బూ అదే. ఎక్కువకాలం బతికే కేరళవాళ్లు బీహార్‌వాళ్లకన్నా ఎక్కువ జబ్బులు చెప్పుకుంటారని 2002లో అమర్త్యసేన్ ఎత్తిచూపింది ఈ చిక్కునే. ఇంకో మెలిక ఉంది. మాత్రలు వాడేవాళ్ల రీడింగ్ మామూలుగా రావచ్చు. వాళ్లను జబ్బు లేనివాళ్లలో కలిపేస్తే లెక్క మళ్లీ తప్పుతుంది.

ఉందా, లేదా అన్న రకం జబ్బులకు సూచీ మైనస్ 1 దాకా పోనే పోదు. పై ఉదాహరణలో ఐదుగురిలో ముగ్గురికి జబ్బుంటే హద్దు మైనస్ 0.4. జబ్బున్నవాళ్ల సంఖ్య మారితే ఈ హద్దూ మారుతుంది. అందుకే 2005లో వాగ్‌స్టాఫ్, 2009లో ఎరీగర్స్ సవరణలు చేశారు. ఏ సవరణ వాడారో చెప్పని అంకెను పక్క అంకెతో పోల్చకూడదు.

ఇక ఆస్తి సంగతి. 2001లో ఆర్థికవేత్తలు ఫిల్మర్, ప్రిచెట్ మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వివరాలతోనే ఇల్లు, టీవీ, మరుగుదొడ్డి వంటివాటి నుంచి సంపద సూచీ కట్టి చూపారు. అది ఇంటి సంపద, ముసలమ్మ చేతిలోని డబ్బు కాదు. కొడుకు గల్ఫ్ నుంచి పంపిన పైసలతో లేచిన జగిత్యాల డాబాలో ఆమె ‘ధనికురాలు’. నిజానికి ఆమె చేతికొచ్చేది ప్రభుత్వ పింఛనే కావచ్చు. పోనీ నెలసరి ఖర్చు చూద్దామంటే, అందులో ఆసుపత్రి బిల్లూ కలిస్తే మనిషి మంచాన పడ్డ ఇల్లే డబ్బున్న ఇల్లుగా కనిపిస్తుంది.

2017–18లో వయసు మళ్లినవారిపై దేశమంతటా జరిగిన లాసీ సర్వే 45 ఏళ్లు దాటినవారికి స్వయంగా బీపీ కొలిచింది, పిడికిలి బలం చూసింది. కానీ దాని నమూనా రాష్ట్రానికి సరిపడేది, జిల్లాకు కాదు. జిల్లా అంకెలు కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉన్నాయి గానీ, నాలుగో విడతలో (2015–16) బీపీ కొలిచింది ఆడవాళ్లకు 49, మగవాళ్లకు 54 ఏళ్ల వరకే. ఐదో విడతలో (2019–21) పై వయసు హద్దు తీసేశారు. ఈలోగా 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ ఐదు జిల్లాలైంది. ఆ ఐదింటినీ కలిపినా పాత జిల్లా రాదు: చేర్యాల సిద్దిపేటకు పోయింది, కమలాపూర్, మహదేవ్‌పూర్ కరీంనగర్ నుంచి వచ్చాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, రూరల్ వరంగల్‌గా మారాయి. పట్టికలో ‘వరంగల్’ అని కనిపిస్తే ముందు ఏ ఏటిదో చూడాలి.