నౌకాదళ రేవు నుంచి విలాస నౌకల రేవు దాకా: మాంటెనెగ్రో ఆకర్షణ వెనుక చరిత్ర

ఏడ్రియాటిక్ సముద్రపు తూర్పు తీరాన ఉన్న మాంటెనెగ్రో విస్తీర్ణం 13,812 చదరపు కిలోమీటర్లు. అంటే ఒకప్పటి ఉమ్మడి నెల్లూరు జిల్లా కంటే కాస్త పెద్దది. 2023 జనగణన ప్రకారం అక్కడి జనాభా 6.23 లక్షలు మాత్రమే. ఇంత చిన్న దేశానికి 2019లో 26 లక్షల మందికి పైగా పర్యాటకులు వచ్చారు. పర్యాటకం నుంచి నేరుగానూ, దాన్ని ఆనుకున్న వ్యాపారాల నుంచీ వచ్చే ఆదాయం జీడీపీలో దాదాపు నాలుగో వంతు. దుబాయ్, అజర్‌బైజాన్, ఈజిప్ట్ మూలాలున్న సంస్థలు అక్కడి తీరం వెంబడి రేవులు, హోటళ్లు, నివాస సముదాయాలు కట్టాయి. ఈ ఆదరణకు కారణం ఏమిటని అడిగితే ప్రచార పత్రాలన్నీ కొండలనూ సముద్రాన్నీ చూపిస్తాయి. అయితే ఆ కొండలూ సముద్రమూ 1995లో కూడా అక్కడే ఉన్నాయి, వచ్చేవారే లేరు. బయటి డబ్బును రప్పించిన అసలు అంశాలు మూడు: వాడుకలో ఉన్న యూరో, తక్కువ పన్నులు, పాత వ్యవస్థ కూలిపోయినందువల్ల అమ్మకానికి వచ్చిన తీరభూమి. వీటిలో ఏదీ పర్యాటక ప్రణాళికలో పుట్టింది కాదు. మాంటెనెగ్రో భాగంగా ఉన్న యుగోస్లావియా సమాఖ్య విచ్ఛిన్నమైన కాలంలో ఒక చిన్న ప్రభుత్వం తన మనుగడ కోసం చేసిన ఏర్పాట్లే తరువాతి కాలంలో దాని వ్యాపార ఆకర్షణలుగా మారాయి.

ఇప్పుడు పర్యాటకులు చూసే మాంటెనెగ్రో నిజానికి రెండు వేర్వేరు చరిత్రలు కలిసిన దేశం. లోపలి కొండ ప్రాంతాన్ని ఒట్టోమన్ సామ్రాజ్యం పూర్తిగా లొంగదీసుకోలేకపోయింది. త్సెతిన్యే పట్టణం కేంద్రంగా పెత్రోవిచ్-న్యెగోష్ వంశపు మతగురువులే పాలకులుగా ఉంటూ వచ్చారు. ఐరోపా పెద్ద రాజ్యాల సమావేశమైన 1878 బెర్లిన్ కాంగ్రెస్ ఆ రాజ్యపు స్వాతంత్ర్యాన్ని గుర్తించింది. 1910లో రాజుగా ప్రకటించుకున్న నికోలా తన కుమార్తెలలో ఒకరిని ఇటలీ రాజుకూ, మరి ఇద్దరిని రష్యా రాజవంశీకులకూ ఇచ్చి పెళ్లి చేసి, పెద్ద రాజ్యాలతో వియ్యం ద్వారా చిన్న రాజ్యాన్ని కాపాడుకోవాలని చూశాడు. ఆ వియ్యాలు 1918లో అక్కరకు రాలేదు. ఆ ఏడాది మాంటెనెగ్రో సెర్బియాలో కలిసిపోయింది. తీరంలోని కోటోర్ కథ వేరు. అది 1420 నుంచి 1797 వరకు వెనిస్ గణతంత్రం పాలనలో ఉండి, తరువాత ప్రధానంగా ఆస్ట్రియా చేతిలో 1918 దాకా గడిపింది. కోటోర్ అఖాతమూ బుద్వా పట్టణమూ మాంటెనెగ్రోలో భాగమైంది రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, సోషలిస్టు యుగోస్లావియా తన రిపబ్లిక్కుల సరిహద్దులు గీసినప్పుడే. నేడు దేశానికి అత్యధిక ఆదాయం తెస్తున్న తీరంలో ఎక్కువ భాగం దాని పాత రాజ్యానికి చెందినది కాదన్న విషయాన్ని అక్కడి పర్యాటక శాఖ పెద్దగా ప్రచారం చేయదు.

ఆ తీరాన్ని విహార కేంద్రంగా మలచే పని మొదలుపెట్టింది కమ్యూనిస్టు ప్రభుత్వమే. స్వెటి స్టెఫాన్ అనే చిన్న దీవి మీది మత్స్యకారుల గ్రామం నుంచి జనాన్ని తరలించి, రాతి ఇళ్ల పై రూపం మార్చకుండా లోపల గదులు చేసి, 1960 నాటికి హోటల్‌గా తెరిచారు. సోఫియా లారెన్, ఎలిజబెత్ టేలర్ వంటి తారలు అక్కడ బస చేశారు. సోవియట్ కూటమిలో చేరని యుగోస్లావియాకు పాశ్చాత్య దేశాల కరెన్సీ అవసరం. ఆ అవసరాన్ని ఏడ్రియాటిక్ తీరం తీర్చింది. 1976 మేలో ప్రారంభమైన బెల్‌గ్రేడ్-బార్ రైలు మార్గం 476 కిలోమీటర్ల పొడవున, 250కి పైగా సొరంగాల గుండా సాగి, సెర్బియాలోని మధ్యతరగతిని నేరుగా సముద్రం ఒడ్డుకు చేర్చింది. 1979 ఏప్రిల్ 15న వచ్చిన భూకంపం ఈ ఎదుగుదలకు గట్టి దెబ్బ. మాంటెనెగ్రోలో 101 మంది మరణించారు. బుద్వా, కోటోర్ పాత పట్టణాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. అదే ఏడాది యునెస్కో కోటోర్ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏళ్ల తరబడి సాగిన పునర్నిర్మాణంతో 1980లలో తీరం మళ్లీ కోలుకుంది.

1991లో ఆ కోలుకున్నదంతా పోయింది. అప్పటి మాంటెనెగ్రో నాయకత్వం సెర్బియా అధ్యక్షుడు స్లొబొదాన్ మిలోసెవిచ్‌కు విధేయమైనది. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ ముట్టడిలో మాంటెనెగ్రో రిజర్వు సైనికులు పాల్గొన్నారు. పొరుగున ఉన్న విహార నగరం మీద ఫిరంగులు పేల్చిన ప్రాంతానికి విహారానికి ఎవరు వస్తారు? 1992లో సెర్బియా, మాంటెనెగ్రోలు కలిసిన కొత్త యుగోస్లావియా మీద ఐక్యరాజ్య సమితి ఆంక్షలు విధించింది. ఆ దేశపు కరెన్సీ దినార్ ద్రవ్యోల్బణం 1993-94 శీతాకాలంలో ప్రపంచ చరిత్రలోనే అత్యంత తీవ్రమైన స్థాయిలలో ఒకదానికి చేరి, సామాన్యుల పొదుపులను మింగేసింది. హోటళ్లు ఖాళీ అయ్యాయి, రేవులు సిగరెట్ల దొంగ రవాణాకు నెలవయ్యాయి. 1991 సెప్టెంబరులో మాంటెనెగ్రో పార్లమెంటు తమది పర్యావరణ రాజ్యమని తీర్మానించిన కొద్ది రోజులకే ఆ ముట్టడి మొదలవడం, ఆ దశాబ్దపు వైపరీత్యాన్ని చెప్పకనే చెబుతుంది.

మలుపు 1997లో వచ్చింది. 1991లో 29 ఏళ్ల వయసుకే ప్రధాని అయిన మిలో జుకనోవిచ్, మిలోసెవిచ్‌తో తెగతెంపులు చేసుకుని ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో గెలిచాడు. బెల్‌గ్రేడ్ చేతిలో సైన్యం ఉంది, కేంద్ర బ్యాంకు ఉంది. సైన్యాన్ని ఎదిరించే శక్తి మాంటెనెగ్రో రాజధాని పొద్గోరిత్సాకు లేదు గాని, కేంద్ర బ్యాంకు పట్టు నుంచి తప్పించుకునే దారి ఉంది. ప్రజలు ఎలాగూ ఇళ్లలో జర్మన్ మార్కులే దాచుకుంటున్నారు. 1999 నవంబరులో మాంటెనెగ్రో ప్రభుత్వం మార్కును దినార్‌తో పాటు చట్టబద్ధమైన కరెన్సీగా ప్రకటించింది. కొంతకాలానికి దినార్‌ను పూర్తిగా పక్కన పెట్టింది. 2002లో మార్కు స్థానంలో యూరో వచ్చినప్పుడు మాంటెనెగ్రో కూడా దానితోపాటే యూరోకు మారింది. ఇందుకు యూరోపియన్ కేంద్ర బ్యాంకు అనుమతి లేదు, యూరో ప్రాంతంలో సభ్యత్వమూ లేదు. జర్మనీ నుంచి వచ్చే పర్యాటకుడికి డబ్బు మార్చుకునే పని ఉండదు, ఇల్లు కొనే విదేశీయుడికి మారకపు రేటు భయం ఉండదు. మిలోసెవిచ్ నోట్ల ముద్రణ నుంచి తప్పించుకోవడానికి వేసిన ఎత్తు ఇలా పెట్టుబడిదారులకు ప్రధాన ఆకర్షణ అయింది. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది: సొంత నోట్లు ముద్రించుకోలేని కేంద్ర బ్యాంకు సంక్షోభంలో బ్యాంకులను ఆదుకోలేదు, వడ్డీ రేట్లను తన అవసరాలకు తగ్గట్టు మార్చలేదు. అందువల్ల ప్రభుత్వం చేతిలో మిగిలిన ప్రధాన సాధనం పన్నులే. స్వాతంత్ర్యానికి కాస్త ముందు కార్పొరేట్ పన్నును ఐరోపాలోనే అతి తక్కువ స్థాయిల్లో ఒకటైన 9 శాతానికి దించారు. 2022లో శ్లాబుల విధానం తెచ్చేదాకా అందరికీ అదే రేటు.

2003లో యుగోస్లావియా పేరు రద్దయి, ఐరోపా సమాఖ్య (ఈయూ) మధ్యవర్తిత్వంతో సెర్బియా-మాంటెనెగ్రో అనే వదులు కూటమి ఏర్పడింది. మూడేళ్ల తరువాత ఎవరైనా విడిపోవచ్చన్న నిబంధన అందులో ఉంది. విడిపోవడానికి 55 శాతం ఓట్లు రావాలని ఈయూ షరతు పెట్టింది. 2006 మే 21న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 55.5 శాతం అనుకూలంగా వచ్చాయి. ఆ అర శాతం విలువ రెండు వేల పైచిలుకు ఓట్లు. జూన్ 3న స్వాతంత్ర్య ప్రకటన, అదే నెల 28న ఐక్యరాజ్య సమితి సభ్యత్వం వెంటవెంటనే జరిగిపోయాయి. అంటే దాదాపు సగం మంది కోరుకోని దేశంగా అది పుట్టింది. సెర్బియాతో అనుబంధం, రష్యాతో బంధం, నాటోలో చేరిక వంటి ప్రశ్నల మీద అక్కడి సమాజం ఇప్పటికీ చీలి ఉండటానికి మూలం ఇక్కడే ఉంది.

కొత్త దేశం ముందు పరిశ్రమల దారి దాదాపు మూసుకుపోయింది. దేశంలో అతి పెద్ద కర్మాగారమైన పొద్గోరిత్సా అల్యూమినియం ప్లాంటును 2005లో రష్యన్ కుబేరుడు ఒలెగ్ దెరిపాస్కాకు అమ్మారు. 2013లో అది దివాలా తీసింది. మిగిలింది తీరమే. తీరాన్ని అమ్మడంలో అన్నిటికన్నా ముందు చెప్పవలసిన ఉదాహరణ తివాత్. అక్కడ 1889లో ఆస్ట్రియా-హంగరీ నౌకాదళం స్థాపించిన ఆర్సెనల్ అనే నౌకల మరమ్మతు కేంద్రం, తరువాత యుగోస్లావియా నౌకాదళం చేతిలోకి వచ్చి, తరతరాలుగా ఆ పట్టణానికి బతుకుతెరువైంది. విడిపోయాక నౌకాదళమంటూ పెద్దగా లేని దేశానికి ఆ కేంద్రం బరువే. కెనడాకు చెందిన బంగారు గనుల వ్యాపారి పీటర్ మంక్ దాన్ని కొని, లార్డ్ రోత్‌షీల్డ్, బెర్నార్డ్ ఆర్నో వంటి వారిని భాగస్వాములుగా చేర్చుకుని, విలాస నౌకల కోసం పోర్టో మాంటెనెగ్రో అనే రేవును నిర్మించాడు. ఆర్సెనల్ కార్మికులలో అనేకులు ఉపాధి కోల్పోయారు. 2016లో దుబాయ్ ప్రభుత్వపు పెట్టుబడి సంస్థ ఆ రేవును కొనుక్కుంది. హెరోయ్ అనే పాత యుగోస్లావ్ జలాంతర్గామి ఇప్పుడు అక్కడ ఒడ్డున ప్రదర్శన వస్తువు. ఈ నమూనాను చూసే లుష్టిత్సా ద్వీపకల్పం మీద ఈజిప్ట్ మూలాలున్న ఒరాస్కోమ్, హెర్ట్సెగ్ నోవి దగ్గర పాత సైనిక స్థలంలో అజర్‌బైజాన్ పెట్టుబడిదారులు తమ ప్రాజెక్టులు చేపట్టారు. స్వెటి స్టెఫాన్ దీవిని 2007లో అమన్ హోటళ్ల సంస్థకు దీర్ఘకాలిక లీజుకు ఇచ్చారు. పక్కనున్న బీచ్‌లలోకి స్థానికులను రానివ్వడం మీద వివాదం ముదిరి, 2021 వేసవిలో ఆ సంస్థ హోటల్ తెరవలేదు. ఆ తరువాత కూడా దీవి వరుసగా కొన్ని వేసవులు మూసే ఉంది.

2006 తరువాతి తొలి రెండు మూడేళ్లలో బుద్వా పరిసరాల్లో భూముల ధరలు ఎగబాకడానికి ప్రధాన కారణం రష్యన్ల కొనుగోళ్లు. వీసా అవసరం లేదు, భాష దగ్గరిది, ఆర్థడాక్స్ మతమూ ఒకటే. 2014లో మాంటెనెగ్రో ఈయూ ఆంక్షలలో చేరినా, 2017 జూన్ 5న నాటోలో సభ్యురాలైనా, మాస్కో ఆగ్రహించింది గాని పర్యాటకులు రావడం ఆగిపోలేదు. ఈ కాలంలో వచ్చిన విదేశీ పెట్టుబడిలో పెద్ద వాటా ఇళ్లు, స్థలాల కొనుగోళ్లదే. ఇటువంటి డబ్బు భవనాలను లేపుతుంది గాని, వాటి నిర్మాణం పూర్తయ్యాక ఉద్యోగాలను అంతగా మిగల్చదు. బుద్వాలో పాత కోట గోడల వెనుక లేచిన అపార్ట్‌మెంట్లను చూసినవారికి దీనికి వేరే రుజువు అక్కరలేదు.

చైనా ప్రవేశం మరో దారిలో జరిగింది. ఉత్తరాన కొండల్లో దుర్మితోర్ జాతీయ పార్కు, 1,300 మీటర్ల లోతున్న తారా నది లోయ ఉన్నాయి. అయినా ఆ ప్రాంతం పేదదిగా ఉండిపోయి, యువత తీరానికో విదేశాలకో వలసపోతున్నారు. బార్ రేవును సెర్బియా సరిహద్దులోని బోల్యారేతో కలిపే రహదారి వస్తే ఈ అంతరం తగ్గుతుందని ప్రభుత్వం వాదించింది. తిరిగే వాహనాలతో ఖర్చు రాదని ముందే అధ్యయనాలు హెచ్చరించినా, 2014లో చైనా ఎగ్జిమ్ బ్యాంకుతో 94.4 కోట్ల డాలర్ల రుణ ఒప్పందం కుదిరింది. పని చైనా సంస్థకే దక్కింది. మొదటి 41 కిలోమీటర్ల భాగం గడువు పలుమార్లు దాటి 2022 జూలైలో తెరుచుకుంది. ప్రయాణికుల వరకు అది మేలే: ప్రమాదకరమైన మొరాచా లోయ రోడ్డు బెడద చాలావరకు తప్పింది. కానీ యూరోలలో ఆదాయం వచ్చే దేశం డాలర్లలో అప్పు చేసింది, అదీ చేతికి అందే ఆదాయమంతా వేసవి నెలల మీదే ఆధారపడి ఉన్నప్పుడు.

ఆ బలహీనత 2020లో బయటపడింది. కోవిడ్ వల్ల పర్యాటకులు రాకపోవడంతో ఆ ఏడాది ఆర్థిక వ్యవస్థ 15.3 శాతం కుంచించుకుపోయింది. ప్రభుత్వ రుణం జీడీపీని మించింది. అదే ఏడాది ఆగస్టు ఎన్నికల్లో జుకనోవిచ్ పార్టీ మూడు దశాబ్దాల తరువాత తొలిసారి అధికారం కోల్పోయింది. చైనా రుణం తీర్చడానికి సాయం చేయమని కొత్త ప్రభుత్వం ఈయూను అడిగితే, ఇతరులకు చెల్లించవలసిన అప్పులు తాము తీర్చబోమన్న జవాబు వచ్చింది. చివరికి 2021లో పాశ్చాత్య బ్యాంకులతో హెడ్జింగ్ ఒప్పందాలు, అంటే మారకపు రేటు మార్పుల నుంచి రక్షణ ఇచ్చే ఏర్పాట్లు, చేసుకుని మారకపు భారాన్ని తగ్గించుకుంది. రహదారి తరువాతి భాగానికి మాత్రం ఐరోపా పునర్నిర్మాణ, అభివృద్ధి బ్యాంకు (ఈబీఆర్‌డీ) రుణం, ఈయూ గ్రాంటు సమకూర్చుకునే మార్గం పట్టింది.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, యుద్ధాన్ని తప్పించుకున్న ఉక్రెయినియన్లూ, సైనిక సమీకరణనూ ఆంక్షలనూ తప్పించుకున్న రష్యన్లూ ఒకే బుద్వాలో పక్కపక్క వీధుల్లో అద్దెకు దిగారు. ఈ రష్యన్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చాలామంది ఉన్నారు. టర్కీ పౌరులు కూడా గణనీయ సంఖ్యలో చిన్న కంపెనీలు నమోదు చేసుకుని నివాస అనుమతి పొందారు. 2022 జనవరిలో కనీస వేతనాన్ని 250 నుంచి 450 యూరోలకు పెంచిన ‘యూరప్ నౌ’ కార్యక్రమపు రూపకర్తలలో ఒకరైన మిలోయ్కో స్పాయిచ్ 2023 అక్టోబరులో ప్రధాని అయ్యాడు. ఉద్యోగుల చేతిలో డబ్బు ఆడింది, కొత్తవారి రాకతో వినియోగం పెరిగింది. దానితోపాటే తీర పట్టణాలలో అద్దెలు స్థానికులకు అందనంతగా పెరిగాయి.

విదేశీయులకు తెరిచిన ఈ తలుపులలో కొన్నింటిని మూయవలసిన ఒత్తిడి ఈయూ నుంచి వస్తోంది. 2012 జూన్‌లో మొదలైన చేరిక చర్చలలో మొత్తం 33 అధ్యాయాలనూ 2020 నాటికి తెరిచారు. 2028లో సభ్యత్వం ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం. పెట్టుబడి పెడితే పౌరసత్వం ఇచ్చే పథకాన్ని 2022 చివరిలో ముగించారు. వీసా విధానాన్ని ఈయూతో సమానం చేయాలంటే రష్యన్లకూ టర్కీ పౌరులకూ ఉన్న సౌలభ్యం తగ్గించాలి, అంటే కంపెనీలు పెడుతున్నవారికే దారి ఇరుకవుతుంది. భారతీయులకు వీసా అవసరమే గాని, చెల్లుబాటయ్యే షెంజెన్, అమెరికా లేదా బ్రిటన్ వీసా ఉన్నవారికి 30 రోజుల వరకు మినహాయింపు ఉంది. అమెరికాలో ఉద్యోగం చేస్తూ క్రొయేషియా చూడవచ్చే తెలుగువారు కోటోర్ దాకా వచ్చి వెళ్లడానికి ఉపయోగపడేది ఇదే. వ్యాపారానికి సంబంధించి మేలు చేసే మార్పులూ ఉన్నాయి: ఐరోపా ఏకీకృత చెల్లింపుల వ్యవస్థ సెపాలో 2025 అక్టోబరు నుంచి మాంటెనెగ్రో బ్యాంకులు భాగమయ్యాయి, సరిహద్దు దాటే చెల్లింపులు చౌక అయ్యాయి.

తాజా పరీక్ష ఉల్ట్సిన్ తీరంలో ఎదురైంది. అల్బేనియన్లు అధికంగా ఉండే ఆ పట్టణం పక్కనే పన్నెండు కిలోమీటర్లకు పైగా సాగే ఇసుక తీరం, వలస పక్షులకు ఆశ్రయమైన పాత ఉప్పు మడులు ఉన్నాయి. 2025లో స్పాయిచ్ ప్రభుత్వం యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌తో పర్యాటక, స్థిరాస్తి రంగాలలో సహకార ఒప్పందం చేసుకుంది. ఈ ఒప్పందం కింద చేపట్టే ప్రాజెక్టులకు దేశంలోని సాధారణ టెండరు నియమాలు వర్తించకపోవచ్చన్నది విమర్శకుల ప్రధాన అభ్యంతరం. పోటీ నియమాల విషయంలో ఈయూ కూడా ఆందోళన తెలిపింది. ఉల్ట్సిన్ వాసులు తీరాన్ని అమ్మవద్దంటూ రోడ్డెక్కారు. ఒకే వ్యక్తితో, త్వరగా, పార్లమెంటు లోతుగా పరిశీలించకముందే ఒప్పందం కుదుర్చుకునే అలవాటు 2006 నాటి అవసరంలో పుట్టింది. 2028 నాటికి ఈయూలో చేరదలచిన ప్రభుత్వం బ్రస్సెల్స్ కోరే బహిరంగ టెండర్లకూ ఈ అలవాటుకూ మధ్య ఏది ఎంచుకుంటుందో ఉల్ట్సిన్ ఇసుక మీద తేలాల్సి ఉంది.