చేతి చదువు తెరమీదికి ఎలా వచ్చింది

ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంటర్ వొకేషనల్ చదువులు కాలేజీలో చెప్పాలా, ఆన్‌లైన్‌లో చెప్పాలా, రెండూ కలపాలా అన్న చర్చ కొవిడ్‌తో పుట్టిందని చాలామంది అనుకుంటారు. దాని వేళ్లు ఇంకా లోతుగా ఉన్నాయి.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువలు, లాకులు వచ్చాయి, వాటిని చూసుకునే పనివాళ్లూ కావలసివచ్చారు. ఆ రోజుల్లో మేస్త్రీ పక్కన నిలబడి చూసి, చేసి నేర్చుకోవడమే చదువు. 1946లో కాకినాడలో ఆంధ్రా పాలిటెక్నిక్ వెలిసింది. 1950లో కేంద్రం తెచ్చిన వృత్తి శిక్షణ పథకం ఐటీఐలకు పునాది. పనితనం సిలబస్‌లోకి ఎక్కేసరికి థియరీ ఒక గంట, ప్రాక్టికల్ ఒక గంట అయ్యాయి. ఈనాటి చర్చంతా ఆ విభజన దగ్గరే తిరుగుతోంది.

దూరవిద్య మనకు కొత్త కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది. 2004లో విద్య కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని పంపారు. 2017లో ఆన్‌లైన్ కోర్సుల కోసం స్వయం పోర్టల్ వచ్చింది. ఇవేవీ వర్క్‌షాపు గడప పెద్దగా తొక్కలేదు. 2020 మార్చిలో ఆ వర్క్‌షాపులకే తాళం పడింది.

ఫిట్టర్ విద్యార్థి ఇనుపముక్కను వైస్‌లో బిగించి ఆకురాయితో రుద్దుతాడు. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తాడు. సందులోంచి సన్నని వెలుగు గీత కనిపించిందంటే ఇంకా చదును కాలేదన్నమాట. రాపిడి చప్పుడు తేడాగా వినిపించగానే మాస్టారు వచ్చి మోచేతిని సరిచేస్తారు. వీడియో ఇదంతా చూపగలదు, ఎన్నిసార్లయినా చూపగలదు. మోచేతిని మాత్రం పట్టుకోలేదు.

అలాగని ఆన్‌లైన్‌ను తోసిపుచ్చడం అన్యాయం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాలు నీళ్లలో చిక్కుకున్నాయి. పడవ దాటలేని అలాంటి రోజుల్లో కరెంటు పాఠంలోని ఓం నియమం, డ్రాయింగ్ పాఠం ఫోనులో వినగలగడం ఆ పిల్లలకు చిన్న మేలు కాదు. అర్థం కానిచోట వెనక్కి తిప్పి మళ్లీ వినవచ్చు కూడా.

రెండూ కలిపే పద్ధతికి కొవిడ్ వచ్చాకే ఊపు వచ్చింది. కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో చెప్పవచ్చని విశ్వవిద్యాలయాల చదువులను చూసే యూజీసీ 2021 మేలో ముసాయిదా విడుదల చేసింది. ఐటీఐలకైతే 2016 నుంచే మరో రకం కలయిక ఉంది: కొంత శిక్షణ సంస్థలో, కొంత పరిశ్రమలో. రైసుమిల్లులు, రొయ్యల శుద్ధి కర్మాగారాలు ఉన్న మన గోదావరి డెల్టాకు ఇదే ఎక్కువ నప్పుతుందని నా నమ్మకం. శీతల గిడ్డంగిలో కంప్రెసర్ ఆగినప్పుడు దాని పక్కన నిలబడిన అనుభవం మరెక్కడా దొరకదు.

నన్ను కలవరపెడుతున్నది గంటల లెక్క. థియరీని ఫోనుకు పంపి మిగిల్చిన సమయాన్ని వర్క్‌షాపుకు ఇస్తే పిల్లలు బాగుపడతారు. దాన్ని టైంటేబుల్లోంచే ఎత్తేస్తే, చేతిలో సర్టిఫికెట్ ఉండి కూడా మిల్లు గేటు దగ్గర పని రాదనిపించుకునేది వాళ్లే.