ఫిల్టర్‌కు రాండమ్ అంకెలు పోసి చూడండి

చిరంజీవులకు ఆశీస్సులు.

డిజిటల్ ఫిల్టర్ రాయడానికి ఒక్క లైను చాలు: కొత్త అవుట్‌పుట్ = పాత అవుట్‌పుట్ + 0.1 × (ఇన్‌పుట్ − పాత అవుట్‌పుట్). సెన్సర్ రీడింగుల్లో అదురు తగ్గించడానికి వాడే అతి చిన్న లోపాస్ ఫిల్టర్ (నెమ్మది మార్పులను సాగనిచ్చి, వేగమైన అదురును తగ్గించేది) ఇదే. గ్రాఫ్ నునుపుగా వచ్చింది కదా అని మురిసిపోకండి, తప్పు ఫిల్టర్ గీసిన గ్రాఫ్ కూడా నునుపుగానే ఉంటుంది. రన్ చేయకముందే ఏ అంకె రావాలో కాగితం మీద తేల్చుకోండి.

మొదట ఒక్క 1, ఆ తర్వాత అన్నీ సున్నాలు ఇవ్వండి. 0.1, 0.09, 0.081... అలా ప్రతిదీ ముందుదానిలో 0.9 వంతు వస్తుంది. వీటి వర్గాలన్నీ కూడితే 0.01 ÷ 0.19, అంటే 0.0526. దాని వర్గమూలం 0.229. ఒకదానితో ఒకటి సంబంధం లేని రాండమ్ అంకెలు, సగటు 0, ప్రామాణిక విచలనం (సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) 1 ఉన్నవి, ఈ ఫిల్టర్‌లో పోస్తే అవుట్‌పుట్ విచలనం సరిగ్గా ఈ 0.229 దగ్గర తేలాలి. నంపైలో (పైథాన్ భాషలో లెక్కలు చేసే లైబ్రరీ) లక్ష అంకెలు తీసుకోండి. వెయ్యే తీసుకుంటే జవాబు దాదాపు 0.20, 0.26 మధ్య ఊగుతుంది, తప్పు ఫిల్టర్‌దో, అంకెల కొరతదో తెలియదు. సున్నా నుంచి మొదలైన ఫిల్టర్ కుదురుకోవాలి కాబట్టి మొదటి 100 అవుట్‌పుట్లు లెక్కలోంచి తీసేయండి. సీడ్ (రాండమ్ అంకెల వరుసను మొదలుపెట్టే సంఖ్య) ఒకటే ఉంచితే దొరికిన తప్పు మళ్లీ దొరుకుతుంది, సరిచేశాక సీడ్ మార్చి చూడండి.

ఎక్కువమంది పడే గొయ్యి ఒకటుంది. 0 నుంచి 1 మధ్య అంకెలిచ్చే ఫంక్షన్ వాడతారు. వాటి సగటు 0.5, అది లోపాస్‌లో చెక్కుచెదరకుండా దాటేస్తుంది. 0.5 తీసేసి పోయండి. వాటి విచలనం 1 కాదు, 0.289 అని కూడా గుర్తుంచుకోండి.

సైన్ తరంగం ఒక్క ఫ్రీక్వెన్సీనే పరీక్షిస్తుంది. రాండమ్ ఇన్‌పుట్‌లో అన్నీ సమంగా ఉంటాయి కాబట్టి అవుట్‌పుట్ స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే గ్రాఫ్‌లో) ఫిల్టర్ ఆకారమే కనిపిస్తుంది. అయితే ఒకే ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) తీస్తే ముళ్లకంపలా ఉంటుంది. 1,024 చొప్పున ముక్కలు చేసి, ఒక్కో ముక్క పవర్ (ఒక్కో ఫ్రీక్వెన్సీ పరిమాణపు వర్గం) కట్టి సగటు తీయండి. లక్షకు 97 ముక్కలొస్తాయి, ఊగిసలాట దాదాపు పదో వంతుకు దిగుతుంది. గెయిన్ (అవుట్‌పుట్ ఇన్‌పుట్‌కు ఎన్ని రెట్లో) సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గర 1, శాంప్లింగ్ రేటులో (సెకనుకు తీసుకునే రీడింగుల సంఖ్యలో) సగం దగ్గర 1/19 ఉండాలి. మీరు కట్టింది పవర్ కాబట్టి ఇన్‌పుట్ పవర్‌తో పోలిస్తే అక్కడ 1/361 కనిపిస్తుంది.

ఇంత చేసినా రాండమ్ ఇన్‌పుట్‌కు చిక్కని తప్పు ఒకటుంది. ఇదే ఫిల్టర్‌ను మైక్రోకంట్రోలర్ కోసం సీ భాషలో పూర్ణాంకాలతో, తేడాను 10తో భాగించి రాశారనుకోండి. ఇన్‌పుట్ నిలకడగా 100 ఇస్తే అవుట్‌పుట్ 10, 19, 27 అంటూ ఎక్కి 91 దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే మిగిలిన తేడా 9, దాన్ని పూర్ణాంకాల్లో 10తో భాగిస్తే భిన్నం పోయి 0 వస్తుంది. పైనుంచి దిగితే 109 దగ్గర ఆగుతుంది. వందల్లో ఎగిరిపడే రాండమ్ అంకెలిస్తే తేడా దాదాపు ఎప్పుడూ పెద్దదే, అందుకని ఈ లోపం బయటపడదు. కనుక నిలకడ ఇన్‌పుట్ పరీక్ష కూడా తప్పనిసరిగా పెట్టండి. మందు సులువే: అవుట్‌పుట్‌కు బదులు దానికి పది రెట్లుండే మొత్తాన్ని దాచుకోండి. ప్రతిసారీ మొత్తానికి ఇన్‌పుట్ కలిపి, పాత మొత్తంలో పదో వంతు తీసేయండి. చదివేటప్పుడు 10తో భాగించండి. కిందనుంచి వచ్చినా, పైనుంచి వచ్చినా సరిగ్గా 100 దగ్గరే నిలుస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య