శ్యున్ శ్యూ చ్యెన్ చిన్: అపోహలు - వాస్తవాలు

వరస తప్పకుండా ఒక్కో మెట్టే ఎక్కుతూ నేర్చుకోవాలని చెప్పే నాలుగక్షరాల చైనీస్ నానుడి ఇది. చైనీస్ పాఠాల్లో దీన్ని తలచుకోని వాళ్లుండరు. అర్థం చేసుకోవడంలోనే తేడాలొస్తున్నాయి.

అపోహ: ఇది కన్ఫ్యూషియస్ మాట.

వాస్తవం: కాదు. కింది నుంచి నేర్చుకుంటూ పైకి చేరతానని ఆయన అన్నదానికి, దక్షిణ సోంగ్ కాలపు పండితుడు చూ శీ (1130–1200) రాసిన వ్యాఖ్యలో ఈ నాలుగక్షరాలు కనిపిస్తాయి.

అపోహ: నిదానంగా చదవమని దీని సారం.

వాస్తవం: చూ శీ పట్టింపంతా వరస మీదే. ముందు చదివింది బోధపడనిదే తర్వాతి దాని జోలికి పోవద్దన్నాడు. శక్తికి తగినంత పాఠం పెట్టుకుని దాన్ని తప్పకూడదన్నాడు. కన్ఫ్యూషియస్ సంప్రదాయానికి మూలమైన నాలుగు గ్రంథాల్లో మొదట ‘మహావిద్య’, తర్వాత ‘సంభాషణలు’, ఆపై ‘మెన్షియస్’ చదవమన్నాడు. ‘మధ్యమ మార్గం’ చిన్నదే అయినా విషయం సూక్ష్మం కాబట్టి చివర పెట్టాడు. ఆయన పఠన పద్ధతిని తర్వాతివాళ్లు ఆరు సూత్రాలుగా కూర్చారు. వాటిలో ఈ నానుడి ఒకటి, నడుం బిగించి శ్రమించాలన్నది మరొకటి. బద్ధకానికి ఇందులో చోటు లేదు.

అపోహ: ముందు మాటలు నేర్చుకుంటే ఉచ్చారణ దానంతటదే సర్దుకుంటుంది.

వాస్తవం: సర్దుకోదు. చైనీస్‌లో గొంతు ఎత్తుపల్లాలను బట్టి మాట అర్థం మారిపోతుంది, వాటినే టోన్లంటారు. ఆ నాలుగు టోన్లనూ మొదట విడి అక్షరాల మీద, తర్వాత జంటల్లో పలకాలి. ‘నీ హావ్’ (నమస్కారం) అనే పలకరింపులో రెండూ మూడో టోనే, కలిపి పలికినప్పుడు మొదటిది రెండో టోన్ అవుతుంది. జంటలు వదిలేసి వాక్యాల్లోకి దిగితే, విడిగా చక్కగా పలికినవాళ్లు కూడా తెలుగు వాక్యపు యాసలోకి జారిపోతారు.

హల్లుల దగ్గర తెలుగువాళ్లకు గొప్ప వెసులుబాటుంది. చైనీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి అయిన పిన్‌యిన్‌లో ‘బి’ అని రాసేది మన ప. ‘పి’ అని రాసేది ఒత్తి పలికే ఫ, ఇంగ్లీషు ‘ఎఫ్’ కాదు. అలాగే ‘డి’, ‘టి’లు దాదాపు త, థ, ‘జి’, ‘కె’లు క, ఖ. ఇది మొదటి వారంలోనే కుదరాలి. ఇంగ్లీషు పలుకుబడి ఒకసారి స్థిరపడితే వదిలించడం చాలా కష్టం.

అపోహ: గీతలు తక్కువున్న అక్షరాలన్నీ ముందు నేర్చుకోవాలి.

వాస్తవం: గీతల లెక్కకన్నా భాగాల వరస ముఖ్యం. ‘అమ్మ’ అనే అక్షరంలో ఎడమవైపు ‘స్త్రీ’ అర్థాన్ని, కుడివైపు ‘గుర్రం’ ధ్వనిని సూచిస్తాయి. ఆ రెండూ ముందే వచ్చి ఉంటే కొత్తగా గుర్తుపెట్టుకోవాల్సింది వాటి కలయికే. రాసేటప్పుడు పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. అడ్డగీత, నిలువుగీత ఒకదాన్నొకటి దాటితే సాధారణంగా అడ్డగీతే ముందు. చుట్టూ మూసిన గడి అయితే లోపలివన్నీ రాశాకే అడుగు గీత గీయాలి. నిన్నటి అక్షరం చూడకుండా రాయలేకపోతే ఈరోజు కొత్తది మొదలుపెట్టకండి.