వీటోకు అడ్డుదారి 1950లో పడింది, దాని సత్తా 1956లో తేలింది

ఐక్యరాజ్యసమితి (ఐరాస) భద్రతా మండలిలో తీర్మానం వీటోతో, అంటే ఒక్క శాశ్వత సభ్యదేశం కాదన్నా, వీగిపోగానే అందరి చూపూ అన్ని సభ్యదేశాలూ ఉండే జనరల్ అసెంబ్లీ వైపు మళ్లుతోంది. ఉక్రెయిన్ విషయంలో అదే జరిగింది, గాజా విషయంలోనూ అదే. అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్... ఈ ఐదు దేశాలకే వీటో ఎందుకు దక్కిందన్నది తెలిసిన కథే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే మాత్రం 1950కి వెళ్లాలి.

ఆ ఏడాది జనవరి 13న సోవియట్ ప్రతినిధి యాకోవ్ మాలిక్ మండలి నుంచి లేచి వెళ్లిపోయారు. బీజింగ్‌లో కమ్యూనిస్టులు గద్దెనెక్కినా చైనా సీటులో వారి చేతిలో ఓడి తైవాన్‌కు తరలిన చాంగ్ కై షెక్ ప్రతినిధే కూర్చోవడం మాస్కోకు మింగుడుపడలేదు. జూన్ 25న ఉత్తర కొరియా సేనలు దక్షిణాదిపై పడ్డాయి. మండలి అదే రోజు సమావేశమైంది. ఆ నెల అధ్యక్ష స్థానంలో ఉన్నది భారత ప్రతినిధి, మన రాజ్యాంగ రచనకు సలహాలిచ్చిన బెనెగళ్ నర్సింగరావు. సోవియట్ కుర్చీ ఖాళీ. వీటో వేసేవారు లేక దక్షిణ కొరియాకు అండగా తీర్మానాలు చకచకా గట్టెక్కాయి.

ఆగస్టు 1న మాలిక్ తిరిగొచ్చారు. వంతు ప్రకారం ఆ నెల అధ్యక్షుడూ ఆయనే! మండలి పని మళ్లీ స్తంభించింది. దాంతో అమెరికా విదేశాంగ మంత్రి డీన్ అచెసన్ ఓ మార్గం చూపారు: మండలి వీటోతో చేతులెత్తేస్తే, ఏడుగురు సభ్యుల ఓటుతో 24 గంటల్లో అసెంబ్లీని పిలవొచ్చు. ఆ పిలుపును వీటో ఆపలేదు. నవంబర్ 3న ఈ 377వ తీర్మానం 52-5తో నెగ్గింది. భారత్ తటస్థంగా ఉంది.

ఆరేళ్లు తిరిగేసరికి ఆ తీర్మానం దాన్ని తెచ్చిన పాశ్చాత్య శిబిరానికే తగిలింది. సూయజ్ కాలువను ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ జాతీయం చేశాక ఇజ్రాయెల్, బ్రిటన్, ఫ్రాన్స్ ఈజిప్టుపై దాడికి దిగాయి. 1956 అక్టోబర్ 30న లండన్, పారిస్ మండలిలో వీటో వేస్తే, మూడు రోజుల్లో అసెంబ్లీ 64-5తో కాల్పులు ఆపమంది. నవంబర్ 6న బ్రిటన్ ఆపింది కూడా. అయితే ఆపించింది ఆ ఓట్లు మాత్రమే కాదు. పౌండు పడిపోతుంటే ఆదుకోవడానికి వాషింగ్టన్ ఒప్పుకోలేదు.

అదే వారం, నవంబర్ 4న, తిరుగుబాటును అణచడానికి సోవియట్ ట్యాంకులు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌ను ముంచెత్తాయి. అదే అసెంబ్లీ, అదే దారి. వెనక్కి పొమ్మంటే మాస్కో వినలేదు, వినిపించేవారూ లేరు. హంగరీ ప్రధాని ఇమ్రె నాజ్‌ను 1958లో ఉరితీశారు. ఐరాస పర్యవేక్షణలో అక్కడ స్వేచ్ఛగా ఎన్నికలు జరపాలన్న తీర్మానానికి మన దేశం వ్యతిరేకంగా ఓటేసింది. సూయజ్‌లో అంత గట్టిగా మాట్లాడిన దేశం అలా చేయడాన్ని సమర్థించడం కష్టం.

2022 మార్చి 2న 141 దేశాలు రష్యాను తప్పుబట్టాయి, భారత్ తటస్థం. 2023 డిసెంబర్ 12న 153 దేశాలు గాజాలో కాల్పుల విరమణ కోరాయి, భారత్ అనుకూలం. రెండుచోట్లా యుద్ధం సాగింది. పెద్ద దేశాలను బలవంతపెడితే ప్రపంచ యుద్ధమేనన్నది వీటోను సమర్థించేవారి వాదన.

చిన్న దేశాలు అడుగుతున్నది అంత పెద్దదేమీ కాదు: వీటో వేసినవారు కారణం చెప్పాలి. సొంత సైన్యమే లేని లీక్టెన్‌స్టైన్ చొరవతో, వీటో పడిన పది పనిదినాల్లో అసెంబ్లీ చర్చించాలని 2022 ఏప్రిల్ 26న తీర్మానమైంది. వేసినవారు వచ్చి మాట్లాడాలన్న నిర్బంధం మాత్రం అందులో లేదు. అసలు వీటోనే తగ్గించాలంటే ఐరాస మూల ఒప్పందమైన చార్టర్‌ను సవరించాలి. దాన్ని ఆ ఐదు దేశాలూ ఆమోదించాలి.