నడుస్తున్నా తెగి ఉండొచ్చు: కాలి స్కానింగ్‌పై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేస్తుంటాను. మడమ నొప్పనో, చీలమండ వాచిందనో వచ్చినవాళ్లు ముందుగా అడిగేది, "నీళ్లు తాగి కూర్చోవాలా డాక్టర్?" అని. స్కానింగ్ అంటే కడుపుకో, గర్భిణులకో అని అలవాటైపోయింది. కాలికి నీళ్లూ అక్కర్లేదు, పరగడుపూ అక్కర్లేదు. మోకాలి దాకా మడవగలిగే బట్టలు వేసుకొస్తే చాలు.

అపోహ: నడవగలుగుతున్నాను కాబట్టి ఏమీ తెగలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. మడమ వెనక చేతికి గట్టి తాడులా తగిలేది అకిలిస్ టెండన్. పిక్క కండరాన్ని మడమ ఎముకకు పట్టి ఉంచుతుంది. అది పూర్తిగా తెగినా మనిషి కుంటుతూ నడుస్తాడు, పాదాన్ని కొంచెం కిందికి వంచుతాడు కూడా. ఆ పని చేసే వేరే చిన్న కండరాలు ఇంకా బాగానే ఉంటాయి మరి.

కానిస్టేబుల్ సెలెక్షన్‌కి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తున్న ఒక అబ్బాయి మూడు వారాల తర్వాత వచ్చాడు. పరుగెత్తుతుంటే వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించిందట, తిరిగి చూస్తే ఎవరూ లేరట. ఎక్స్‌రేలో ఏమీ లేదని నూనె పెట్టి మర్దన చేయించుకున్నాడు. ఎక్స్‌రే చూపించేది ఎముకను. టెండన్ తెగితే అందులో స్పష్టంగా తెలియదు. స్కాన్‌లో పాదాన్ని మెల్లగా పైకీ కిందికీ కదిలిస్తే, తెగిన రెండు కొసలు దూరమవడం, దగ్గరవడం కళ్లముందే కనిపించింది. పాదం కిందికి వంచినప్పుడు ఆ కొసలు ఎంత దగ్గరకొస్తున్నాయన్నది, కట్టు సరిపోతుందా ఆపరేషన్ కావాలా అని తేల్చడంలో ఎముకల డాక్టరుకు చాలా పనికొస్తుంది. మొదటి రోజే వచ్చుంటే ఎంత బాగుండేది!

అపోహ: "నరం పట్టేసింది."

మన మాటల్లో టెండనూ నరమే, నెర్వూ నరమే, రక్తనాళమూ నరమే. స్కాన్‌లో మాత్రం తేడా తెలిసిపోతుంది. నిలువుగా చూస్తే టెండన్ మన వరంగల్ కొత్తవాడ నేతగాళ్ల మగ్గం మీద పడుగు దారాల్లా వరసగా మెరుస్తుంది. అడ్డంగా చూస్తే నెర్వు తేనెపట్టులా ఉంటుంది. ఒక జాగ్రత్త ఉంది. ప్రోబ్, అంటే కాలికి ఆనించి చూసే పరికరం, కాస్త వాలినా ఆ దారాలు నల్లబడి, తెగినట్టు భ్రమ కలుగుతుంది. అందుకే కోణం మార్చి మళ్లీ చూస్తాం, రెండో కాలితో పోల్చుకుంటాం. బాగున్న కాలికి జెల్లీ ఎందుకు రాస్తున్నారని విసుక్కోకండి.

అపోహ: మడమలో ఎముక పెరిగింది, నొప్పి దానివల్లే.

ముల్లులా పెరిగిన ఆ ఎముక నొప్పి లేనివాళ్లలోనూ ఉంటుంది. అరికాలి కింద ప్లాంటార్ ఫేషియా అనే పట్టీ ఉంటుంది. దాని మందం మామూలుగా 4 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. పొద్దున లేచి వేసే మొదటి అడుగులో పొడిచినట్టుంటే ముందు దాని మందం కొలుస్తాను.

అపోహ: ఎమ్మారై ఉండగా ఇదెందుకు?

ఎముక లోపలి దెబ్బకు, కీలు మృదులాస్థికి ఎమ్మారైనే కావాలి, నేనే పంపిస్తాను. కానీ చీలమండ బయటి పక్క టెండన్ తన గాడిలోంచి టక్కున జారుతుంటే, ఎమ్మారైలో కదలకుండా పడుకున్నప్పుడు అది దొరకకపోవచ్చు. అల్ట్రాసౌండ్‌లో కాలు తిప్పిస్తూ చూస్తే దొరుకుతుంది.

అపోహ: ఒక ఇంజెక్షన్ వేయిస్తే సరి.

అకిలిస్ టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే అది తెగే ప్రమాదం ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలతోనూ ఈ ముప్పు ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే తీవ్ర హెచ్చరిక చేర్పించింది. 60 దాటినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. ఆ మాత్రలు వేసుకుంటుండగా మడమ వెనక నొప్పి మొదలైతే అదే రోజు మీ డాక్టరుకు చెప్పండి.

స్కాన్‌కి వచ్చినప్పుడు "కాలంతా నొప్పి" అనకుండా ఒక్క వేలితో చోటు చూపించండి. మెట్లు దిగితేనే నొప్పి వస్తుందంటే, పీట వేసి దిగమంటాను. ఆ తర్వాతే ప్రోబ్ పెడతాను.