పెన్‌డ్రైవ్‌లో పప్పీ లినక్స్: అపోహలు - వాస్తవాలు

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 2 జీబీ, 4 జీబీ ర్యామ్‌తో మూలన పడి ఉన్న ల్యాప్‌టాప్‌ను మళ్లీ వాడుకోవాలంటే పెన్‌డ్రైవ్ నుంచే నడిచే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ పప్పీ లినక్స్ మంచి దారి. ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ 2003లో దీన్ని మొదలుపెట్టారు. దాని రకాల్లో ఒకటైన ఫోసాపప్64 ఐఎస్ఓ (సిస్టమంతా ఉండే ఒకే డౌన్‌లోడ్ ఫైల్) సుమారు 400 ఎంబీ మాత్రమే.

పెన్‌డ్రైవ్‌ను చిన్న హార్డ్‌డిస్క్ అనుకోవడం దగ్గరే చిక్కులు మొదలవుతాయి. పప్పీ అసలు సిస్టమంతా గట్టిగా కుదించిన ఎస్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌లో ఉంటుంది. దాన్ని చదవడమే తప్ప అందులో రాయడం ఉండదు. బూట్ అయ్యేటప్పుడు ర్యామ్ సరిపోతే ఆ ఫైల్ మొత్తం ర్యామ్‌లోకి వస్తుంది. మీరు చేసే మార్పులు దాని పైన ర్యామ్‌లోనే ఇంకో పొరలో చేరతాయి. ఆ పొరను అప్పుడప్పుడు పెన్‌డ్రైవ్‌లోని సేవ్‌ఫైల్‌కు దించుతారు. ఏ సమస్య వచ్చినా ముందు చూడాల్సింది, మీ మార్పు ఈ క్షణంలో ఏ పొరలో ఉందన్నదే.

అపోహ: ఐఎస్ఓ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో కాపీ చేస్తే బూట్ అవుతుంది.

అవ్వదు, సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్ బూట్‌లోడర్ కూడా రాయాలి. విండోస్‌లో అయితే ఈ పనికి రూఫస్ అనే ప్రోగ్రామ్ చాలు. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ చెక్‌సమ్‌ను (ఫైల్ చెడలేదని తేల్చే అక్షరాల వరుస) పప్పీవాళ్లు ఇచ్చిన దానితో ముందే సరిచూసుకోండి. సగంలో తెగిన డౌన్‌లోడ్ కూడా మెనూ దాకా వచ్చి అక్కడ ఆగిపోగలదు. ఆపైన రూఫస్‌లో పార్టిషన్ పద్ధతిగా ఎంబీఆర్, ఫైల్‌సిస్టమ్‌గా ఫ్యాట్32 ఎంచుకోండి. ఐఎస్ఓ మోడా, డీడీ మోడా అని రూఫస్ అడిగితే ఐఎస్ఓ మోడే చెప్పండి. డీడీ మోడ్‌లో పెన్‌డ్రైవ్ సీడీలా మారిపోతుంది. బూట్ అవుతుంది గానీ, అక్కడ సేవ్‌ఫైల్ పెట్టడానికి చోటుండదు. "ఎన్నిసార్లు సెట్ చేసినా వైఫై పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతోంది" అనేవాళ్లు మొదట చూసుకోవాల్సింది ఇదే.

అపోహ: బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆపేస్తే అయిపోతుంది.

సంతకం లేని సిస్టమ్‌ను బూట్ కానివ్వని కాపలా సెక్యూర్ బూట్. పాత మెషీన్లలో దాన్ని ఆపేస్తే చాలన్నది నిజమే. విండోస్ 11తో వచ్చిన ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆగండి. చాలావాటిలో డిస్క్ విండోస్ తాళమైన బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఆ సంగతి యజమానికి తెలియకపోవచ్చు కూడా. సెక్యూర్ బూట్ మార్చాక విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ లేకపోతే డిస్క్‌లోని ఫొటోలు, ఫైళ్లు ఇక అందకపోవచ్చు. బయాస్‌లో చెయ్యి పెట్టకముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీని కాగితం మీద రాసుకోండి. ఇది అయ్యేదాకా మిగతా పనులు మొదలుపెట్టవద్దు.

అపోహ: చేసిన పనంతా ఎప్పటికప్పుడు పెన్‌డ్రైవ్‌లో పడిపోతుంది.

ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. మొదటిసారి షట్‌డౌన్ చేసేటప్పుడు సేవ్‌ఫైల్ చేయాలా అని పప్పీ అడుగుతుంది. వద్దంటే ఆ రోజు చేసిందంతా పోతుంది. చేయమన్నాక కూడా మార్పులు ముందు ర్యామ్‌లోనే పేరుకుంటాయి. పెన్‌డ్రైవ్‌కు మామూలుగా 30 నిమిషాలకోసారి, ఆ తర్వాత షట్‌డౌన్‌లో దిగుతాయి. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌లో ఈలోపు కరెంటు పోతే చివరి సేవ్ తర్వాతి పని దక్కదు. డెస్క్‌టాప్ మీద సేవ్ ఐకాన్ పెట్టింది ఇందుకే. ముఖ్యమైన ఉత్తరం టైప్ చేసి ఎడిటర్‌లో సేవ్ చేశాక, ఆ ఐకాన్ కూడా నొక్కండి. మొదటిది ఫైల్‌ను ర్యామ్‌లో రాస్తుంది, రెండోది పెన్‌డ్రైవ్‌కు దించుతుంది.

సేవ్‌ఫైల్‌కు 512 ఎంబీ ఇచ్చి, అందులోకే 700 ఎంబీ వీడియో డౌన్‌లోడ్ చేస్తే ర్యామ్ నిండుతుంది, సేవ్‌ఫైల్‌లో అది పట్టదు. నిండిపోయిన సేవ్‌ఫైల్‌తో తర్వాతి బూట్‌లో డెస్క్‌టాపే రాకపోవచ్చు. పెద్ద ఫైళ్లను 'ఎంఎన్‌టీ' ఫోల్డర్‌లోని 'హోమ్'లోకి పంపండి. అది సేవ్‌ఫైల్ బయట, నేరుగా పెన్‌డ్రైవ్ పార్టిషన్. బ్రౌజర్ డౌన్‌లోడ్ ఫోల్డర్‌ను మొదటి రోజే అక్కడికి మార్చేస్తే ఈ బెడద ఉండదు.

ఫ్యాట్32లో ఒక ఫైల్ 4 జీబీ దాటదు కాబట్టి సేవ్‌ఫైల్‌కూ అదే హద్దు. అంతకన్నా కావాలంటే పెన్‌డ్రైవ్‌ను రెండు పార్టిషన్లు చేయండి: బూట్ కోసం 1 జీబీ ఫ్యాట్32, మిగతాది లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4. ఈఎక్స్‌టీ4లో సేవ్‌ఫైల్ బదులు సేవ్‌ఫోల్డర్ పెట్టుకోవచ్చు, అప్పుడు పార్టిషన్‌లో ఉన్న ఖాళీ అంతా మీదే. అయితే ఆ పెన్‌డ్రైవ్‌ను విండోస్‌లో పెడితే, రెండో పార్టిషన్ అర్థంకాక "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. అలవాటుగా ఓకే నొక్కారో, అంతా తుడిచిపెట్టుకుపోతుంది.

అపోహ: బూట్ అయ్యాక పెన్‌డ్రైవ్ పీకేయొచ్చు.

సేవ్ లేకుండా, పూర్తిగా ర్యామ్‌లోంచే నడిచే బూట్ ఎంచుకుని, ఎస్‌ఎఫ్‌ఎస్ మొత్తం ర్యామ్‌లోకి వచ్చి ఉంటే పీకొచ్చు. సేవ్‌ఫైల్‌తో నడుస్తుంటే వద్దు. అది తెరిచే ఉంటుంది, మధ్యలో లాగితే పాడవుతుంది. పాడైతే బూట్ మెనూలో ఫైల్‌సిస్టమ్ చెక్ చేసే ఆప్షన్‌తో ఒకసారి బూట్ చేసి చూడండి. సేవ్‌ఫైల్‌ను నెలకోసారి వేరే డిస్క్‌కు కాపీ చేసుకుంటే ఇంకా మేలు. సేవ్ లేకుండా బూట్ చేసి, ఒక్క ఫైల్‌నే కాపీ చేస్తే చాలు.

అపోహ: ఖరీదైన పెన్‌డ్రైవ్ అయితేనే వేగం.

తేడా బూట్ అయ్యేటప్పుడే. యూఎస్‌బీ 2 పోర్టులో 400 ఎంబీ చదవడానికి 15-20 సెకన్లు పడుతుంది. ఆ తర్వాత అంతా ర్యామ్ వేగమే. ర్యామ్ చాలనప్పుడు వాడే స్వాప్ చోటును మాత్రం పెన్‌డ్రైవ్‌లో పెట్టకండి. ఫ్లాష్ అరుగుతుంది, మెషీనూ పాకుతుంది.

అపోహ: ఎంత పాత కంప్యూటరైనా కొత్తదానిలా పరుగెడుతుంది.

పప్పీ తేలికే, వెబ్‌సైట్లు తేలిక కాదు. 1 జీబీ ర్యామ్‌లో డెస్క్‌టాప్ చకచకా కదులుతుంది, నాలుగో ట్యాబ్ తెరిచేసరికి బ్రౌజర్ బిగుసుకుంటుంది. 2 జీబీ ఉంటే టైపింగ్, పీడీఎఫ్‌లు, కొద్ది ట్యాబ్‌లతో హాయిగా పని జరుగుతుంది. 32 బిట్ ప్రాసెసర్ అయితే దారి ఇంకా ఇరుకు. 2025లో వచ్చిన మరో లినక్స్ డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు. బయోనిక్‌పప్32 లాంటి పాత పప్పీలు దొరుకుతాయి గానీ, వాటిలో బ్యాంకు పనులు పెట్టుకోకండి.

అపోహ: లినక్స్ కాబట్టి భయం లేదు.

పప్పీలో మీరు ఎప్పుడూ రూట్‌గానే, అంటే అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గానే ఉంటారు. ఎన్‌క్రిప్ట్ చేయని విండోస్ డిస్క్‌ను ఒక్క క్లిక్‌తో తెరవొచ్చు, చెరపొచ్చు. బ్రౌజర్‌ను 'స్పాట్' అనే తక్కువ హక్కుల యూజర్‌తో నడపండి. విండోస్ డిస్క్ రాయనివ్వకపోతే బలవంతం చేయకండి. ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పూర్తిగా మూతపడక, సగం నిద్రలో ఉంటుంది. విండోస్‌లోకి వెళ్లి షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేసి రండి.

అపోహ: ఇంత చిన్న సిస్టమ్‌లో తెలుగు రాదు.

బ్రౌజర్‌లో డబ్బాలు కనిపిస్తే లేనిది ఫాంట్ మాత్రమే. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఫైల్‌ను 'యూఎస్‌ఆర్'లోని 'షేర్'లో ఉండే 'ఫాంట్స్' ఫోల్డర్‌లో వేసి బ్రౌజర్ మూసి తెరవండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ పద్ధతి వచ్చినవాళ్లకు వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కీబోర్డ్ సెట్టింగుల్లో ఇండియా కింద తెలుగు లేఅవుట్ జోడిస్తే చాలు. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో మాత్రం ఒత్తులు, గుణింతాలు విడివిడిగా కనిపిస్తాయి. ఫైల్ పాడైందని కంగారు పడకండి, అదే ఫైల్‌ను జీనీ ఎడిటర్‌లో తెరిస్తే అక్షరాలు సరిగ్గా కూడుకుని వస్తాయి.